అట్లాంటా డ్రీమ్ మ్యాచ్: ఆట భేష్, ఇల్లే ఇరుకు

అమెరికా ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఆడే అట్లాంటా డ్రీమ్ మ్యాచ్‌కి టికెట్ కొనొచ్చా అని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, కళ్ళు మూసుకుని కొనండి, దొరికితే. ఆ దొరకడం దగ్గరే ఉంది తిరకాసంతా. టీమ్ ఓనర్ లారీ గాటెస్‌డీనర్ రియల్ ఎస్టేట్ మనిషి, నార్త్‌లాండ్ అనే కంపెనీ పెట్టి అపార్ట్‌మెంట్లు కొనడం, కట్టడం, అద్దెకివ్వడంలోనే పైకొచ్చినాయన, అలాంటాయన టీమ్ సొంత మ్యాచ్‌లు ఆడేదేమో అట్లాంటా పక్కనున్న కాలేజ్ పార్క్ అనే ఊళ్ళోని గేట్‌వే సెంటర్ ఎరీనాలో, అదీ మూడున్నర వేల సీట్లది. పైగా అది ఆయనదీ కాదు, ఆ ఊరి సిటీ వాళ్ళు కట్టుకున్నది.

ముందు మంచి చెప్తా. హాలు చిన్నది కాబట్టి పై వరసలో కూర్చున్నా ఆట దగ్గరగా ఉంటుంది. డిఫెన్స్‌లో వెనకున్నామె ముందున్నామెకి స్క్రీన్ వస్తోందని, అంటే అవతలి టీమ్ ప్లేయర్ దారికి అడ్డం నిలబడబోతోందని, కేకేయడం వినిపిస్తుంది, షూ కీచుమనడం వినిపిస్తుంది. డ్రీమ్ ప్లేయర్ అలీషా గ్రే మూలన నిలబడి త్రీ, అంటే దూరపు గీత బయటి నుంచి మూడు పాయింట్ల షాట్, వేసేటప్పుడు ఒకసారి బంతిని వదిలేసి ఆమె కాళ్ళు చూడండి, పాస్ ఇంకా గాల్లో ఉండగానే పాదాలు సర్దుకుని మోకాళ్ళు వంచి రెడీగా ఉంటుంది, బంతి చేతిలో పడ్డాక ఇక వెయ్యడమే. టీవీలో కెమెరా బంతి వెంట పరిగెడుతుంది కాబట్టి ఇది మనకి కనపడదు. 2024 ఆల్‌స్టార్ వీకెండ్‌లో త్రీ పాయింట్ పోటీ, స్కిల్స్ పోటీ రెండూ కొట్టుకొచ్చింది ఈమే, అంతకుముందు ఆ రెండూ ఒకే ఏడాది గెలిచినవాళ్ళు లేరు.

ఆట కూడా మారింది. 2024లో 15 గెలిచి 25 ఓడిన టీమ్ ఇది, పాయింట్లు రాబట్టడానికే నానా తంటాలు పడేది. ఆ నవంబర్‌లో ఫ్లోరిడా గల్ఫ్ కోస్ట్ యూనివర్సిటీ నుంచి కార్ల్ స్మెస్కోని కోచ్‌గా తెచ్చారు, ఆయన లెక్కలో షాట్ అంటే రింగ్ కిందైనా వెయ్యాలి, త్రీ లైన్ బయటి నుంచైనా వెయ్యాలి, మధ్యలోంచి విసరడం దండగ. దాంతోపాటు బ్రిట్నీ గ్రైనర్, బ్రియానా జోన్స్ వచ్చారు. 2025లో 30 గెలుపులు, 14 ఓటములు, టీమ్ చరిత్రలోనే అన్నిటికన్నా మంచి రికార్డు. నాజ్ హిల్మన్ బెంచ్ మీంచి వచ్చి, అలా వచ్చేవాళ్ళలో మేటికిచ్చే సిక్స్త్ ప్లేయర్ అవార్డు పట్టుకుపోయింది. అంతా బాగుందనుకునేలోపు సీజన్ చివరి నాకౌట్ పోటీలు, అదే ప్లేఆఫ్స్, వాటి మొదటి రౌండ్లోనే ఇండియానా ఫీవర్ టీమ్ చేతిలో తాడోపేడో తేల్చే మూడో మ్యాచ్ 87-85తో పోయింది, అవతలి స్టార్ కెయిట్లిన్ క్లార్క్ గాయంతో ఆడకపోయినా సరే. దాని గురించి ఇంకా మాట్లాడే ఓపిక నాకు లేదు.

ఓనర్‌కి ఎన్ని మార్కులు? 2021లో ఈయన తన కంపెనీలోనే పనిచేసే సుజాన్ అబేర్‌తో, అప్పుడే రిటైరైన ప్లేయర్ రెనే మాంట్‌గోమరీతో కలిసి టీమ్ కొన్నప్పుడు ఇల్లు ఇల్లులా లేదు. పాత సహయజమాని కెల్లీ లెఫ్లర్ అప్పటి సెనేటర్, నల్లజాతివాళ్ళ హక్కుల ఉద్యమం బ్లాక్ లైవ్స్ మేటర్‌కి లీగ్ ఇచ్చిన మద్దతుని ఆవిడ తప్పుపట్టడం, సొంత టీమ్ ప్లేయర్లే ఆవిడ మీద పోటీ చేస్తున్న వార్నాక్‌కి ఓటెయ్యండని టీషర్టులు వేసుకుని రావడం, ఆవిడ ఓడిపోవడం, అదో పెద్ద కథ. అలాంటి చోట రెనేని పక్కన కూర్చోబెట్టుకోవడం తెలివైన పని. 2022లో వాషింగ్టన్ టీమ్‌తో బేరమాడి, కొత్త ప్లేయర్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ సంపాదించి రైన్ హోవర్డ్‌ని తెచ్చారు, ఆమె ఆ ఏడాదే రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే కొత్తవాళ్ళలో మేటి. కాబట్టి టీమ్ కట్టడంలో ఆయనకి వంక పెట్టలేం.

 

వంకంతా జాగా గురించే. 2024 జూన్‌లో ఫీవర్ మ్యాచ్‌ని డౌన్‌టౌన్ స్టేట్ ఫార్మ్ ఎరీనాకి మారిస్తే 17 వేలు దాటి వచ్చారు జనం. అదే ఫీవర్‌తో తాడోపేడో తేలే ప్లేఆఫ్ మ్యాచ్ మాత్రం మళ్ళీ ఈ మూడున్నర వేల సీట్ల హాల్లోనే. హార్ట్‌ఫర్డ్‌లో 36 అంతస్తుల టవర్ లేపి, ఆ ఊరికి హాకీ టీమ్ తేవాలని కూడా ఒకప్పుడు తిరిగిన మనిషికి సీట్ల విలువ ఇంకొకరు చెప్పాలా? చిన్న హాలు నిండితే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ బయట నిలబడిపోయేవాళ్ళ సంగతి కూడా చూడాలి కదా.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఉత్తరాన అల్ఫారెట్టా, కమింగ్ వైపు నుంచైతే వారం మధ్యలో సాయంత్రం డౌన్‌టౌన్ మీదుగా కారు వద్దు, ఆ టెన్షన్ మీకెందుకు. నార్త్ స్ప్రింగ్స్‌లో కారు పెట్టి అట్లాంటా మెట్రో రైలు మార్టా రెడ్ లైన్ ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్ట్ స్టేషన్, అక్కణ్ణుంచి స్కైట్రెయిన్ ఫ్రీ, గేట్‌వే సెంటర్ స్టాప్‌లో దిగితే ఎరీనా పక్కనే. మొదటిసారైతే ఫీవర్ మ్యాచ్ కోసం ఎగబడకండి, ఆ రోజు సగం జనం క్లార్క్ కోసమే వస్తారు, టికెట్ రేటూ దాన్నిబట్టే ఉంటుంది. ఏదో మామూలు మంగళవారం మ్యాచ్ చూసుకుని, డబ్బులు చాలితే కోర్టు పొడవునా ఉండే వైపు కాకుండా రింగ్ వెనకవైపు కింది వరసల్లో తీసుకోండి. గ్రే కాళ్ళు అక్కణ్ణుంచే బాగా కనిపిస్తాయి.