ఫ్లైట్ సిమ్యులేటర్‌లో 30 ఫ్రేములు చాలు, కుదురుగా వస్తే

విమానం నడిపే కంప్యూటర్ గేమ్ (సిమ్) మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020ని అది వచ్చిన ఏడాది నుంచీ నడుపుతున్నాను. ఇప్పుడున్న మెషీన్‌లో రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, 8 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3070 కార్డు, 32 జీబీ ర్యామ్ ఉన్నాయి. మానిటర్ 1440పీ, 60 హెర్ట్జ్. ఈ రోజుల్లో ఇది మధ్యరకం మెషీనే. ఇంతకాలం వాడాక నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే: ఈ సిమ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీదికి వచ్చే ఫ్రేములు, అంటే చిత్రాలు) అంకె వెంట పడటం దండగ. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య వ్యవధి ఒకేలా ఉందా లేదా అన్నదే చూసుకోవాలి.

సెట్టింగ్స్ సరిపోయాయో లేదో తేలేది ల్యాండింగ్‌లో. 37 వేల అడుగుల ఎత్తున దాదాపు ఏ మెషీన్ అయినా హాయిగా నడుస్తుంది. రన్‌వేకి ఇంకా 200 అడుగుల ఎత్తు ఉందనగా ఊరు, టెర్మినల్ భవనాలు, ఆగి ఉన్న విమానాలు అన్నీ ఒక్కసారే తెర మీదికి వస్తాయి. ఇంకా కిందికి వచ్చాక మనమేమో ఫ్లేర్ కోసం, అంటే నేల తాకే ముందు ముక్కు కాస్త పైకెత్తడం కోసం, స్టిక్‌ను కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూ, ముక్కు ఎంత లేచిందో కంటితో చూసి సరిచేసుకుంటూ ఉంటాం. సరిగ్గా అప్పుడు చిత్రం పావు సెకను ఆగిందంటే చేయి కాస్త ఎక్కువ లాగేస్తుంది. విమానం తేలిపోయి, వేగం పోయి, దబ్బున కింద పడుతుంది. మేఘాలు ఎంత అందంగా ఉన్నా ఆ ల్యాండింగ్ పాడైనట్టే. అందుకే ఏ సెట్టింగ్ మార్చినా న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టు లాంటి బరువైన చోట, ఒకే విమానంతో, ఒకే వాతావరణంలో, ఒకే అప్రోచ్ (రన్‌వే వైపు దిగే క్రమం) చేసి చూస్తాను. ఒకసారికి ఒకే స్లైడర్ కదుపుతాను.

స్లైడర్ల జోలికి వెళ్లే ముందు డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ కౌంటర్ తెరవండి. అది ఫ్రేముల సంఖ్యతో పాటు బరువు ఎక్కడ పడుతోందో కూడా చెబుతుంది: ‘లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్’ అనో, ‘లిమిటెడ్ బై జీపీయూ’ అనో. మొదటిది ప్రాసెసర్ పని, రెండోది గ్రాఫిక్స్ కార్డు పని. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 40 శాతం దగ్గరే కనిపిస్తుంటే అది ఖాళీగా ఉందనుకుంటాం. కానీ సిమ్‌లోని ముఖ్యమైన పనంతా ఒకే థ్రెడ్ (ప్రాసెసర్ వరుసగా చేసుకుపోయే ఒక పని వరుస) మీద నడుస్తుంది. కౌంటర్ దగ్గర పది మంది ఉన్నా సంతకం పెట్టేవాడు ఒక్కడే అయితే లైను ఎలా ఆగుతుందో ఇక్కడా అంతే. ఎయిర్‌పోర్టులో మెయిన్‌థ్రెడ్ అడ్డుపడుతున్నప్పుడు రిజల్యూషన్ తగ్గించినా, డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఎన్విడియా పద్ధతి) పెట్టినా పెద్దగా లాభం ఉండదు. చిత్రం మసకబారుతుంది, కుదుపు మాత్రం అలాగే ఉంటుంది.

మెయిన్‌థ్రెడ్ మీద అన్నిటికంటే ఎక్కువ బరువు మోపేది టెర్రైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్. అందరూ టీఎల్‌ఓడీ అంటారు. నేల వివరాలు మన చుట్టూ ఎంత దూరం వరకు గీయాలో ఇదే తేలుస్తుంది. దూరం రెట్టింపైతే చుట్టూ ఉన్న విస్తీర్ణం నాలుగింతలవుతుంది కాబట్టి 100కీ 200కీ మధ్య తేడా ఆ అంకెల్లో కనిపించేదానికంటే చాలా పెద్దది. 400 దాకా స్లైడర్ ఉంది కదా అని చివరికంటా లాగేవాళ్లని చూస్తుంటాను. పైలట్ సీట్లో కూర్చుని, రన్‌వే వైపు చూస్తూ దిగేవాడికి అది అవసరం లేదు. పెద్ద ఎయిర్‌పోర్టులకు జెట్ నడిపితే నేను 100 దగ్గర పెడతాను. చిన్న సెస్నాలో కొండల మధ్య తిరిగేటప్పుడు 200. అక్కడ భవనాలు తక్కువ, చూడాల్సింది నేలే కాబట్టి పెట్టిన బరువుకు తగ్గ అందం దక్కుతుంది. ఎత్తును బట్టి ఈ అంకెను తనంతట తానే మార్చే ఉచిత ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. నేల దగ్గర తగ్గిస్తాయి, పైకి వెళ్లాక పెంచుతాయి. ఆలోచన చాలా సరైనది, జెట్లు నడిపేవాళ్లు తప్పక వాడి చూడండి.

దీని తర్వాత ట్రాఫిక్. ఆగి ఉన్న విమానాలు, ఎయిర్‌పోర్టు వాహనాలు, రోడ్ల మీద కార్లు అన్నీ మెయిన్‌థ్రెడ్ ఖాతాలోకే వెళ్తాయి. రోడ్ల మీది కార్లను బాగా తగ్గించేశాను, ఏ లోటూ అనిపించలేదు. గ్లాస్ కాక్‌పిట్ (ముళ్ల బదులు తెరలున్న కాక్‌పిట్) రిఫ్రెష్ రేటు విషయంలో మాత్రం విమానాన్ని బట్టి నడుచుకోవాలి. అనలాగ్ ముళ్లున్న విమానంలో దానితో పని లేదు. ఎయిర్‌బస్ లాంటి వాటిలో మీడియం పెడితే ఆల్టిట్యూడ్ టేపు (ఎత్తు చూపే అంకెల పట్టీ) కాస్త ఆగి ఆగి కదులుతుంది, అయినా చదవడానికి ఇబ్బంది లేదు. ‘లో’ సెట్టింగ్‌లో పెడితే చేత్తో నడిపేటప్పుడు చికాకు పుడుతుంది.

గ్రాఫిక్స్ కార్డు వైపు బరువంతా మేఘాలదే. వాల్యూమెట్రిక్ క్లౌడ్స్‌ను అల్ట్రా నుంచి హైకి దించితే కార్డుకు బాగా ఊపిరాడుతుంది. మేఘం లోపలికి దూరినప్పుడు కొంచెం రేణువులు రేణువులుగా కనిపిస్తుంది, అంతే. మీడియంకి దించితే మాత్రం మేఘాల అంచులు పేలవమైపోతాయి. ఈ సిమ్‌లో ఆకాశమే సగం ఆనందం, దాన్ని వదులుకోవద్దంటాను. నీడలు, రిఫ్లెక్షన్లు మీడియంలో ఉంటే చాలు.

డీఎల్‌ఎస్‌ఎస్ 2022లో సిమ్ అప్‌డేట్ 10తో వచ్చింది. బయటి దృశ్యాల వరకు బాగుంటుంది. కాక్‌పిట్ తెరల మీద వేగంగా మారే అంకెలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. దిగేటప్పుడు వేగం చదవాల్సింది అక్కడే కాబట్టి నేను టీఏఏ (అంచులను నునుపు చేసే మామూలు పద్ధతి)తోనే ఉన్నాను.

కార్డు మెమరీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అకస్మాత్తుగా వచ్చే పెద్ద కుదుపులకు తరచూ కారణం ఇదే. 8 జీబీ నిండిపోతే మిగిలిన టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలాల మీది బొమ్మలు) మామూలు ర్యామ్‌లోకి వెళ్తాయి. తల పక్కకి తిప్పగానే వాటిని మళ్లీ కార్డులోకి తెచ్చుకోవాలి, అక్కడ చిత్రం ఆగుతుంది. సగటు ఎఫ్‌పీఎస్‌లో ఈ జబ్బు కనపడదు. నేను వాడిన ఒక యాడ్-ఆన్ జెట్, దానికి తోడు భారీ ఎయిర్‌పోర్టు కలిస్తే 8 జీబీ ఏ మూలకీ చాలేది కాదు. టెక్స్చర్ రిజల్యూషన్‌ను అల్ట్రా నుంచి హైకి మార్చాక ఆ కుదుపులు పోయాయి. కాక్‌పిట్‌లో తేడా వెతికితే గానీ దొరకదు. ఇదే కోవలో తెర బయటి నేలను ముందే సిద్ధం చేసి ఉంచే ఆఫ్ స్క్రీన్ టెర్రైన్ ప్రీ-క్యాషింగ్ అని ఒకటుంది. తల తిప్పినప్పుడు భవనాలు టక్కున మొలుచుకొస్తుంటే దాన్ని పెంచాలి, ర్యామ్ సరిపడా ఉంటేనే.

కొన్ని కుదుపులకు మెషీన్‌తో సంబంధమే ఉండదు. నేల బొమ్మలు ఇంటర్నెట్ నుంచి వస్తుంటాయి కాబట్టి కనెక్షన్ నెమ్మదిస్తే పెద్ద నగరాల మీద తడబాటు వస్తుంది. ఫొటోగ్రామెట్రీ (ఫొటోల నుంచి తయారైన నగరాల 3డీ రూపాలు) ఆపి అదే చోట మళ్లీ ఎగిరి చూస్తే గుట్టు తెలిసిపోతుంది.

ఇక 30 ఫ్రేముల లెక్క. 60 హెర్ట్జ్ మానిటర్ ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి చిత్రం మారుస్తుంది. వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ రిఫ్రెష్‌తో కలిపే సెట్టింగ్)తో 45 ఎఫ్‌పీఎస్ వస్తోందంటే మూడు ఫ్రేముల్లో రెండు ఒక్కోసారి, ఒకటి రెండుసార్లు కనిపిస్తాయి. వేగంగా పక్కకి జారే టాక్సీవే లైట్లను చూడండి, ఆ ఎగుడుదిగుడు కంటికి తగులుతుంది. 30కి కట్టేస్తే, అంటే అంతకు మించి రాకుండా పరిమితి పెడితే, ప్రతి ఫ్రేమూ సరిగ్గా 33.3 మిల్లీసెకన్లు ఉంటుంది. లైట్లు ఒకే వరుసలో సాఫీగా జారిపోతాయి. జేఎఫ్‌కేలో నా మెషీన్ 38 నుంచి 50 మధ్య ఊగేది. 30కి కట్టాక ప్రాసెసర్‌కు కాస్త వెసులుబాటు మిగిలింది, అందుకే రద్దీ చోట కూడా అంకె కదలడం లేదు. షూటింగ్ గేమ్‌లో 30 అంటే నేనూ ఒప్పుకోను. కానీ విమానం స్టిక్‌కు బదులిచ్చే తీరే నెమ్మది, ఇక్కడ ఆ లోటు తెలియదు.

మానిటర్ 120 హెర్ట్జ్ అయితే 30 బదులు 40కి కట్టండి. ఒక్కో ఫ్రేము 25 మిల్లీసెకన్లు, సరిగ్గా మూడు రిఫ్రెష్‌లు. కదలిక 30 కంటే స్పష్టంగా మెరుగ్గా ఉంటుంది, బరువేమో 60లో మూడింట రెండొంతులే. రిఫ్రెష్ రేటు తనే మార్చుకునే మానిటర్ ఉంటే ఇంత లెక్క అక్కర్లేదు. అయినా ఒక పరిమితి పెట్టుకుంటేనే ల్యాండింగ్‌లో ఊగిసలాట తగ్గుతుంది. ఆ పరిమితిని మీరు ఎక్కువగా దిగే పెద్ద ఎయిర్‌పోర్టులో, వర్షం పడుతున్న వాతావరణంలో వచ్చే కనిష్ఠ ఎఫ్‌పీఎస్ కంటే రెండు మూడు తక్కువగా పెట్టండి.