ఇంట్లో తొలిసారి పాత బండి కట్టాలంటే ఏది మేలు: కాస్ట్ ఐరన్ బుల్లెట్టా, యెజ్డీ రోడ్‌కింగా?

మా వరండాలో రెండు పాత బండ్లున్నాయి. ఒకటి నాన్న 1986లో కొన్న యెజ్డీ రోడ్‌కింగ్. ఇంకొకటి 1989 మోడల్ బుల్లెట్ 350, సిలిండరు పోత ఇనుముతో (కాస్ట్ ఐరన్) చేసిన పాత రకం. గుంటూరు దగ్గర ఒక పల్లెలో, పశువుల కొట్టంలో గడ్డిమోపుల వెనక ఏళ్ల తరబడి పడి ఉంటే కొని తెచ్చుకున్నాను. రెండింటినీ బోల్టు బోల్టు విప్పి మళ్లీ కట్టాను. అందుకే తెలిసినవాళ్లలో ఎవరికైనా పాత బండి మీద మనసు పడితే ముందు నా దగ్గరికే వస్తారు. "అన్నా, మొదటిసారి ఇంట్లో చేసుకోవాలంటే ఏది తీసుకోమంటావ్?" అని అడుగుతారు.

మెకానిక్కులు చాలామంది చెప్పే జవాబు ఒకటే. యెజ్డీలాంటి టూ స్ట్రోక్‌తో మొదలుపెట్టు, అందులో ఏముంది, వాల్వులా, ట్యాపెట్లా అంటారు. నేనూ ఆ మాట విని యెజ్డీతోనే మొదలుపెట్టాను. ఇప్పుడు నన్నడిగితే మాత్రం తొలి బండిగా బుల్లెట్టే తీసుకోమంటాను. యెజ్డీ నాన్న బండి, నాకు ప్రాణం. అయినా ఆ మాటే చెబుతాను.

విప్పడం వరకే చూస్తే యెజ్డీ నిజంగానే తేలిక. 250 సీసీ ఇంజను, ఒకే సిలిండరు, రెండు సైలెన్సర్లు. హెడ్డు నట్లు నాలుగు తీస్తే హెడ్డు చేతిలోకి వస్తుంది. కార్బొరేటరు, సైలెన్సర్లు పక్కన పెట్టి సిలిండరును పైకి లాగితే పిస్టను కనబడుతుంది. గంటలో అయిపోయే పని. పైగా ఇది చెక్ దేశపు జావా సంతానం కాబట్టి నట్లన్నీ మిల్లీమీటర్ల కొలతే, ఇంట్లో ఉన్న స్పానర్లు సరిపోతాయి. పాత బుల్లెట్‌కు ఆ సౌకర్యం లేదు. చాలా నట్లు ఇంగ్లండు కొలతలవి. మిల్లీమీటరు స్పానరు పెడితే వదులుగా కూర్చుని నట్టు మూలలు అరగదీస్తుంది. ఇంగ్లిష్ కొలతల స్పానర్ల సెట్టు ఒకటి విడిగా కొనుక్కోక తప్పదు. ఇక ఇంజనులో రెండు వాల్వులు, వాటిని తెరిపించే రెండు పుష్‌రాడ్లు (పొడవాటి కడ్డీలు), రాకర్లు, టైమింగ్ గేర్లు, ఆయిలు తోడడానికి ఒక పంపు, వెనక్కి లాగడానికి ఇంకో పంపు. మొదటిసారి టైమింగ్ కవరు తీసినవాడికి గుండె ఝల్లుమంటుంది.

మరి బుల్లెట్ ఎందుకు? అది ముందే చెబుతుంది. యెజ్డీ చెప్పదు.

బుల్లెట్‌లో ఏదైనా పాడవుతుంటే వారాల ముందు నుంచే తెలుస్తుంది. వాల్వులను కదిపే ట్యాపెట్ వదులైతే టకటక. బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు కింది చివరి బేరింగు) పోతుంటే కింద నుంచి బరువుగా కొట్టుకునే చప్పుడు. రింగులు అరిగితే నీలం పొగ. సీలు పోతే కింద మరక. ఈ ఇంజను పాత కాలపు నెమ్మదైన ఇంజను. బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 90, బరువైన ఫ్లైవీలు. కొత్తవాడి చేతిలో టైమింగు కాస్త అటూ ఇటూ అయినా, కార్బొరేటరు సరిగ్గా కుదరకపోయినా ఓర్చుకుని ఇంటికి చేరుస్తుంది.

యెజ్డీ సంగతి నాకు మంగళగిరి దాటాక తెలిసింది. కొత్త బోరు, కొత్త పిస్టను, కొత్త రింగులు. 300 కిలోమీటర్లు పువ్వులా నడిచింది. ఆ రోజు యాక్సిలరేటరు వదిలినా ఇంజను వేగం వెంటనే తగ్గడం లేదు. కేబులు ఎక్కడో పట్టేస్తోందేమో, ఇంటికెళ్లి చూద్దాంలే అనుకున్నాను. ఇంకో పది నిమిషాలకు చెప్పాపెట్టకుండా పిస్టను పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుపోయి రోడ్డు మీద జారింది. క్లచ్ పట్టుకోవడం క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదో. విప్పి చూస్తే కారణం క్రాంకుకు (పిస్టను తిప్పే ఇరుసుకు) కుడివైపు, ఆల్టర్నేటరు వెనక ఉండే రబ్బరు సీలు. పాతబడి గట్టిపడిపోయింది. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి, ఆయిలు మూడూ ముందు క్రాంకు గదిలోకే వెళ్లి, అక్కడి నుంచి సిలిండరులోకి ఎక్కుతాయి. సీలు సందులోంచి అదనంగా గాలి దూరితే మిశ్రమం పలచబడి పిస్టను కాగిపోతుంది. పిస్టనుకు ఆయిలు అందించేది కూడా ఆ పెట్రోలే కాబట్టి దెబ్బ మీద దెబ్బ. ఎడమవైపు సీలు పోతే ఇంకో రకం. క్లచ్ వైపు ఆయిలును ఇంజను పీల్చుకుని తెల్లగా, ఆగకుండా పొగ వదులుతుంది. అది కనీసం కంటికి కనబడుతుంది. కుడివైపుది కనబడదు.

యాక్సిలరేటరు వదిలాక వేగం దిగకపోవడమే ఆ ఇంజను నాకిచ్చిన ఒకే ఒక్క హెచ్చరిక. రెండు మూడు బండ్లు కట్టినవాడికి అది వినబడుతుంది, తొలిసారి కట్టినవాడికి వినబడదు. హెడ్డు, సిలిండరు, పిస్టను వరకు పైపని చేసి ఊరుకుంటే చాలనిపించడమే యెజ్డీతో ఉన్న ప్రమాదం. ఏళ్ల తరబడి నిలిపి ఉంచిన టూ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు గది అడుగున బుల్లెట్‌లోలాగా ఆయిలు నిలిచి ఉండదు. తేమకు బేరింగులు, కనెక్టింగ్ రాడ్డు చివర్లు తుప్పు పడతాయి. కాబట్టి ఇంజను పెట్టె మొత్తం విప్పాల్సిందే. గేరుబాక్సు కూడా ఆ పెట్టెలోనే ఉంటుంది, అదీ బల్ల మీదికి వచ్చేస్తుంది. బుల్లెట్‌లో గేరుబాక్సు విడి పెట్టె. దాని పని దానిదే, ఇంజను పని ఇంజనుదే. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి చేసుకోవచ్చు. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు మాత్రమే దొరికేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

క్రాంకు పని మాత్రం రెండు బండ్లకూ ఇంట్లో జరగదు. ప్రెస్సు ఉండాలి, డయల్ గేజితో వంపు చూసుకోవాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అనుభవమున్న లేత్ మేస్త్రీకి ఇవ్వడమే మంచిది. సిలిండరు బోరు కొట్టించడం కూడా అంతే. పిస్టను ముందు కొని, దాన్ని తీసుకెళ్లి దాని కొలతకే బోరు కొట్టించండి. వెనక్కి వచ్చాక రింగును సిలిండరులో పెట్టి, పిస్టనుతో సమంగా కిందికి నెట్టి, చివర్ల మధ్య సందును ఫీలర్ గేజితో మీరే కొలవండి. యెజ్డీ పిస్టనుకు రింగులు కూర్చునే గాడుల్లో చిన్న పిన్నులుంటాయి. రింగు రెండు చివర్లూ ఆ పిన్నుకు అటూ ఇటూ కూర్చోవాలి, లేదంటే సిలిండరులోని పోర్టులకు (గోడలోని రంధ్రాలకు) తగులుకుని విరుగుతాయి. పిస్టను మీది బాణం గుర్తు సైలెన్సరు వైపు ఉండాలి. సిలిండరు దించేటప్పుడు ఎక్కడైనా బిగుసుకుంటే బలం పెట్టొద్దు, మళ్లీ పైకి తీసి రింగు చూడండి.

బుల్లెట్ పనిలో నాకు ఇష్టమైంది ట్యాపెట్ల సర్దుబాటు. ఎవరికైనా నేర్పాలంటే దీంతోనే మొదలుపెడతాను. ఇంజను పూర్తిగా చల్లగా ఉండాలి, అందుకే పొద్దున్నే చేస్తాను. పిస్టను కంప్రెషన్ చివర పైకి వచ్చేలా పెట్టి, కుడివైపు సిలిండరు అడుగున ఉన్న చిన్న మూత తీస్తే పుష్‌రాడ్లు కనబడతాయి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పుష్‌రాడ్డును తిప్పితే హాయిగా తిరగాలి. పైకీ కిందికీ మాత్రం ఆట ఉండకూడదు. ఇది గేజితో చూసే కొలత కాదు, వేళ్లతో తెలుసుకునేది. సర్దాక దాన్ని కదలకుండా పట్టే లాక్ నట్టు బిగించేటప్పుడు సర్దినది కాస్త జరుగుతుంది కాబట్టి బిగించాక ఇంకోసారి తిప్పి చూడాలి. మొదట్లో అరగంట పట్టేది, ఇప్పుడు టీ చల్లారేలోపు అయిపోతుంది.

కిక్కు కొట్టడం కూడా అలాగే నేర్చుకోవాలి. తాళం తిప్పాక కిక్కును మెల్లగా నొక్కుతూ ఆంపియర్ మీటరు ముల్లు చూడండి. ముల్లు మధ్యకు రాగానే ఆగి, సిలిండరులోని ఒత్తిడిని వదిలే డీకంప్రెషన్ లివరు పట్టుకుని కిక్కును ఇంకొంచెం కిందికి జరిపి, లివరు వదిలి, కిక్కును పూర్తిగా పైకి రానిచ్చి ఒకే ఊపున కొట్టాలి. బలంతో పనిలేదు. ముల్లు చూడకుండా కొడితే ఒక్కోసారి వెనక్కి తన్నుతుంది, చీలమండ వాచిపోతుంది.

సామాన్ల విషయంలో పోలికే లేదు. బుల్లెట్ 1955 నుంచి మద్రాసులో తయారైంది. ఇంగ్లండులో అసలు కంపెనీ రాయల్ ఎన్‌ఫీల్డ్ 1970లో మూతపడినా ఇక్కడ ఆగలేదు, ఈ పాత రకం ఇంజను 2000 దాటాక కూడా కొన్నేళ్లు వచ్చింది. అందుకే హైదరాబాదు పుత్లీబౌలి, విజయవాడ ఆటోనగర్ ఎక్కడికెళ్లినా పిస్టను నుంచి ప్యాకింగుల దాకా దొరుకుతాయి. డూప్లికేటు రబ్బరు సీళ్లతో జాగ్రత్త, అంతే. యెజ్డీ తయారైన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. ఇప్పుడు దొరికేవి పాత స్టాకు మిగులు, లేదా చిన్న చిన్న తయారీదారులు మళ్లీ చేస్తున్నవి. 2018 తర్వాత జావా, యెజ్డీ పేర్లతో వచ్చిన కొత్త బండ్లవి పూర్తిగా వేరే ఇంజన్లు, ఒక్క సామాను కూడా దీనికి పనికిరాదు. అయితే యెజ్డీ మనుషుల మధ్య ఉన్న బంధం బుల్లెట్ వాళ్లలో నాకు కనబడలేదు. ఏటా జులై రెండో ఆదివారం జావా, యెజ్డీ దినం పేరుతో చాలా నగరాల్లో పాత బండ్లన్నీ ఒకచోట చేరతాయి. నాకు దొరకని క్లచ్ ప్లేటు అలా కలిసిన ఒక పెద్దాయన తన డబ్బాలోంచి తీసి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు.

రోజువారీ సంరక్షణలో రెండింటి తిండీ వేరు. బుల్లెట్‌కు ఇంజను, గేరుబాక్సు, ప్రైమరీ చైను కేసు, మూడింటికీ వేర్వేరుగా ఆయిలు చూసుకోవాలి. నెలల తరబడి నిలిపితే ఆయిలు మెల్లగా క్రాంకు కేసులోకి దిగుతుంది, స్టార్టు చేయగానే గుప్పున పొగ వస్తుంది. కాసేపట్లో పోతే కంగారు పడనక్కర్లేదు. యెజ్డీకి పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ టూటీ ఆయిలు (టూ స్ట్రోక్ ఇంజన్ల ఆయిలు) కొలిచి కలపాలి. నేను లీటరుకు 40 మిల్లీలీటర్లు పోస్తాను. కొత్త పిస్టను వేసిన తొలి రోజుల్లో ఇంకొంచెం ఎక్కువ. సైలెన్సర్ల లోపలి గొట్టాల్లో, సిలిండరు పోర్టులో పేరుకున్న మసి అప్పుడప్పుడు గీకాలి, లేకపోతే బండి బరువెక్కినట్టు లాగుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు రెండింటికీ ఇబ్బందే. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, ఇథనాల్ తేమను పీల్చి ట్యాంకును తుప్పు పట్టిస్తుంది. గొట్టాలు కొత్తవి వేసి, బండిని నిలపాల్సి వస్తే కార్బొరేటరు ఖాళీ చేయండి. ట్యాంకులో తుప్పుంటే నీళ్లలో నిమ్మఉప్పు కలిపి ఒక రోజు నిండుగా ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి, లోపలంతా కాస్త ఆయిలు తిప్పితే చాలు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. బుల్లెట్ ఇంజను కేసులను మెరిపించడానికి ఒక వర్క్‌షాపులో ఇసుకతో కొట్టించాను. తెచ్చాక కడిగాననుకున్నాను. ఆయిలు దారుల్లో రవ్వలు మిగిలిపోయి కొత్త బిగ్ ఎండ్ 500 కిలోమీటర్లకే పోయింది. మెరుపు లేకపోయినా పరవాలేదు, లోపలి భాగాలకు ఇసుక తగలనివ్వకండి.

యమహా ఆర్‌ఎక్స్ 100 సంగతి కూడా అడుగుతారు. చక్కని బండి, తేలిక, 98 సీసీలో ఆ పరుగు ఇంకెందులోనూ లేదు. కానీ దానికున్న మోజు వల్ల ధరలు ఆకాశంలో ఉన్నాయి. తర్వాత వచ్చిన మోడళ్ల సామాన్లు కలిపి కట్టినవి, నంబర్లు మళ్లీ కొట్టినవి మార్కెట్లో ఎక్కువ. తొలి బండిగా వద్దంటాను.

ఏది కొన్నా ముందు చూడాల్సింది సీ బుక్కు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసి, సీ బుక్కులోని నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. ఇంజను నంబరు కూడా. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, గ్రీన్ ట్యాక్సు కట్టాలి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండ్లకే. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది కాబట్టి దేనికీ ఇంకా ఆ వయసు రాలేదు. 60ల నాటి బుల్లెట్టో జావానో అయితే వర్తిస్తుంది. కానీ ఆ కింద రిజిస్టరు చేయించిన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజూ రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు. ఇంత కష్టపడి కట్టేది నడపడానికే కదా.

ఇంట్లో ఇప్పటికే నాన్నదో తాతదో యెజ్డీ ఉంటే, కొత్తగా బుల్లెట్ వెతుక్కోవాలని నేననను. దాన్నే చేయండి. కానీ కిక్కు కొట్టి స్టార్టయిందని సంబరపడి రోడ్డెక్కకండి. ముందు పెట్టె విప్పి క్రాంకును లేత్‌కు పంపండి, బేరింగులన్నీ మార్చండి, రెండు వైపుల సీళ్లూ కొత్తవి వేయండి. మొదటి 500 కిలోమీటర్లు చేతివేళ్లు క్లచ్ మీదే ఉంచి నడపండి. యాక్సిలరేటరు వదిలాక ఇంజను వేగం వెంటనే దిగకపోతే, ఇల్లు వీధి చివరే ఉన్నా సరే, అక్కడే ఆపి బండి తోసుకుంటూ వెళ్లండి.