వెబ్‌క్యామ్, ఓబీఎస్ స్టూడియోతో తొలి వీడియో: ఏళ్లపాటు వాడాక సమీక్ష

వెబ్‌క్యామ్ ముందు కూర్చుని తొలి వీడియో రికార్డు చేద్దామనుకునేవాళ్లకు ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ సరిపోతుంది. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిమీదా నడుస్తుంది. వాటర్‌మార్క్ పడదు, నిమిషాల పరిమితి లేదు, ఖాతా తెరవమని అడగదు. 2012 నుంచి అభివృద్ధి ఆగకుండా సాగుతోంది. ఇన్నేళ్ల వాడకంలో తేలింది ఏమిటంటే, వీడియో చెడిపోయేది ఓబీఎస్ వల్ల కాదు. వెబ్‌క్యామ్ మనల్ని అడగకుండా తనంతట తాను చేసుకునే సర్దుబాట్ల వల్లే ఎక్కువగా చెడిపోతుంది. వాటిని ఆపి పగ్గాలు మన చేతికి ఇస్తుంది కాబట్టే ఈ ప్రోగ్రామ్‌కు ఇంత విలువ.

మొదటిసారి తెరిచినప్పుడు ఆటో కాన్ఫిగరేషన్ విజార్డ్ వస్తుంది. అందులో రికార్డింగ్‌కు మాత్రమే అన్న ఎంపిక తీసుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లోని వీడియో పేజీలో బేస్, అవుట్‌పుట్ రిజల్యూషన్లు రెండూ 1920×1080 అని, ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములో చెప్పే అంకె) 30 అని ఉన్నాయో లేదో చూసుకోండి. చాలా వెబ్‌క్యామ్‌లు 1080పీ దగ్గర ఇచ్చేదే 30 ఫ్రేములు. అవుట్‌పుట్ 60 పెట్టినా అవే ఫ్రేములు రెండేసిసార్లు రికార్డవుతాయి, ఫైలు బరువెక్కుతుంది, అంతే.

సోర్సెస్ పెట్టెలో ప్లస్ గుర్తు నొక్కి వీడియో క్యాప్చర్ డివైస్ చేరిస్తే కెమెరా కనిపిస్తుంది. ఇక్కడే మొదటి చిక్కు. పెట్టెమీద 1080పీ అని రాసి ఉన్న కెమెరా, తెరమీద ముఖం కదిలిస్తే ముక్కలు ముక్కలుగా కదులుతుంది. కెమెరా పాడైందనుకుంటారు చాలామంది. కారణం యూఎస్‌బీ 2.0 తీగలో ఉంది. దాని గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు. కుదించని వైయూవై2 ఫార్మాట్‌లో పిక్సెల్‌కు రెండు బైట్లు చొప్పున 1920×1080, 30 ఫ్రేములంటే సెకనుకు దాదాపు 995 మెగాబిట్లు. తీగలో పట్టదు కాబట్టి కెమెరా ఫ్రేములు తగ్గించి ఐదో పదో పంపుతుంది. సోర్స్ ప్రాపర్టీస్ తెరిచి, రిజల్యూషన్ టైప్‌ను కస్టమ్ చేసి, 1920×1080, 30 ఎంచుకుని, వీడియో ఫార్మాట్ దగ్గర ఎంజేపెగ్ పెట్టండి. ఆ ఫార్మాట్‌లో కెమెరాయే ఒక్కో ఫ్రేమును కుదించి పంపుతుంది కాబట్టి కదలిక నున్నగా వస్తుంది. కెమెరాను యూఎస్‌బీ హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్ పోర్టులో గుచ్చడం మేలు. హబ్‌మీద ఉన్న పరికరాలన్నీ ఆ ఒక్క తీగనే పంచుకుంటాయి.

అదే ప్రాపర్టీస్‌లో, విండోస్‌లో అయితే, కాన్ఫిగర్ వీడియో అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే కెమెరా డ్రైవర్ సొంత కిటికీ తెరుచుకుంటుంది. నా లెక్కలో తొలి వీడియో బాగోగులు సగం ఇక్కడే తేలిపోతాయి. ఎక్స్‌పోజర్, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు పట్టే సమయం, ఆటోలో ఉంటే తెల్లకాగితం చూపించగానే ముఖం నల్లబడుతుంది, కాగితం దించగానే మళ్లీ వెలుగొస్తుంది. ఆ ఆటో టిక్కు తీసేయండి. పక్కన కనిపించే మైనస్ అంకెలు 2కు ఘాతాలు: మైనస్ 5 అంటే సెకనులో 32వ వంతు, మైనస్ 6 అంటే 64వ వంతు. ముప్పై ఫ్రేముల వీడియోకు మైనస్ 5 దగ్గర మొదలుపెట్టండి. మైనస్ 4కి పోతే ఒక్కో ఫ్రేముకు సెకనులో 16వ వంతు కావాలి, ముప్పై ఫ్రేములు ఇక రావు.

లో లైట్ కాంపెన్సేషన్ అని మరో టిక్కు ఉంటుంది కొన్ని కెమెరాల్లో. గది మసకగా ఉంటే చెప్పాపెట్టకుండా ఫ్రేములను సగానికి తగ్గించేది అదే. తీసేయండి. రంగులను సర్దే వైట్ బ్యాలెన్స్ కూడా ఆటో తీసి, ముఖం రంగు సహజంగా కనిపించేదాకా జరిపి వదిలేయండి. లేకపోతే తెరమీద నీలం పేజీ తెరిచినా సరే చర్మం రంగు మారిపోతుంది. ఆటోఫోకస్ ఉన్న కెమెరా అయితే చెయ్యి ఊపినప్పుడల్లా వెతుక్కుంటుంది, ఆ రెండు క్షణాలూ ముఖం మసక. మామూలుగా కూర్చునే దూరంలో ఫోకస్ కుదిర్చి అక్కడే బిగించేయాలి.

పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ అన్నది మీ కరెంటు ఏదైతే దానికి, 50 లేదా 60 హెర్ట్జ్‌కు, సరిపోవాలి. 50 హెర్ట్జ్ కరెంటుమీద వెలిగే దీపం సెకనుకు 100సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు కానీ ఎక్స్‌పోజర్ దానితో కలవకపోతే వీడియోలో అడ్డచారలు పైకీ కిందకీ పాకుతాయి. మైనస్ 5 దగ్గర ఒక్కో ఫ్రేములో ఆ మినుకులు ఇంచుమించు మూడు పూర్తిగా పడతాయి కాబట్టి చారలు పెద్దగా కనిపించవు. మైనస్ 6 దగ్గర ఒకటిన్నర పడుతుంది, చారలు అప్పుడు స్పష్టంగా బయటపడతాయి.

ఒక లోపం మాత్రం చెప్పి తీరాలి. ఈ డ్రైవర్ విలువలను ఓబీఎస్ గుర్తుపెట్టుకోదు. కెమెరా తీగ పీకినా, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసినా చాలా కెమెరాలు తిరిగి ఆటోకు వెళ్లిపోతాయి. అంకెలన్నీ ఒక కాగితంమీద రాసి మానిటర్ పక్కన అంటించుకోవడం తప్ప ఇందులో సులువైన దారి లేదు.

వెలుతురు గురించి చెప్పాల్సింది కొంచెమే. కిటికీ మీ వెనక కాదు, ముందు ఉండాలి. దీపమైతే కెమెరాకు ఒక పక్కగా 45 డిగ్రీల్లో, కంటికంటే కాస్త ఎత్తులో. వెబ్‌క్యామ్ సెన్సర్ చిన్నది, వెలుతురు తగ్గితే గెయిన్ (సంకేతాన్ని పెద్దది చేయడం) పెంచేసి బొమ్మనిండా చుక్కలు పోస్తుంది. ఖరీదైన కెమెరాకు మారడంకంటే ఒక దీపాన్ని దగ్గరికి జరపడంతోనే ఎక్కువ మార్పు వస్తుంది. కెమెరా కళ్ల ఎత్తులో ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టండి.

బొమ్మ కాస్త అటూ ఇటూ అయినా జనం చూస్తారు. మాట వినపడకపోతే చూడరు. కాబట్టి అసలు శ్రద్ధ ధ్వనిమీద పెట్టండి. వెబ్‌క్యామ్‌లోని మైకు ఎంత మంచిదైనా నోటికి రెండడుగుల దూరంలో ఉంటుంది, మాటతోపాటు గోడలనుంచి తిరిగొచ్చే చప్పుడునూ పట్టుకుంటుంది. కాలర్‌కు తగిలించుకునే చిన్న మైకు, లేదా ఇయర్‌ఫోన్ తీగకున్న మైకు దానికంటే మెరుగు. సెట్టింగ్స్‌లోని ఆడియో పేజీలో శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ ఉంచి, మైక్ దగ్గర డిఫాల్ట్ అని వదిలేయకుండా మీ మైకు పేరే ఎంచుకోండి. డిఫాల్ట్ అని వదిలితే, హెడ్‌ఫోన్ పెట్టిన మరుక్షణం విండోస్ మైకు మార్చేయగలదు. ముఖం మాత్రమే రికార్డు చేస్తున్నప్పుడు డెస్క్‌టాప్ ఆడియోను డిసేబుల్ చేసేయండి.

మిక్సర్‌లో పచ్చ రంగు మైనస్ 20 డెసిబెల్స్ దాకా, పసుపు మైనస్ 9 దాకా, ఆపైన ఎరుపు. మామూలుగా మాట్లాడేటప్పుడు పట్టీ పసుపులో ఆడాలి, గట్టిగా నవ్వినప్పుడే ఎరుపును తాకాలి. సున్నాను తాకితే గొంతు పగిలినట్టు రికార్డవుతుంది, దాన్ని ఆ తర్వాత ఏ ఫిల్టరూ బాగుచేయలేదు. లెవెల్ తక్కువైతే ముందు మైకును దగ్గరికి జరపండి, తర్వాత విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో పెంచండి, గెయిన్ ఫిల్టర్ ఆఖర్న.

మైకు పక్కనున్న మూడు చుక్కల్లో ఫిల్టర్స్ ఉంటాయి. వరస ముఖ్యం: మొదట చప్పుడు తగ్గించే నాయిస్ సప్రెషన్, తర్వాత కంప్రెసర్, చివర ధ్వని ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్. కంప్రెసర్ ముందు పెడితే అది మెల్లని చప్పుళ్లకూ గట్టి చప్పుళ్లకూ తేడా తగ్గిస్తుంది, ఫ్యాన్ హోరు మాటకు దగ్గరగా వచ్చేస్తుంది, దాన్ని విడదీయడం సప్రెషన్‌కు కష్టమవుతుంది. సప్రెషన్‌లో ఆర్ఎన్‌నాయిస్ పద్ధతి ప్రాసెసర్‌ను కాస్త ఎక్కువ వాడుకుంటుంది, స్పీక్స్ పద్ధతికంటే గొంతును బాగా కాపాడుతుంది. కంప్రెసర్ రేషియో మొదట్లోనే 10:1 అని వస్తుంది. మామూలు మాటకు అది మరీ ఎక్కువ, 3:1 లేదా 4:1 చాలు. లిమిటర్ మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉంచేయండి. ఒకే చెవిలో వినపడుతోందంటే అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మోనో టిక్కు పెట్టండి.

పెదాలూ మాటా కలవకపోవడం మరో సాధారణ ఇబ్బంది. బొమ్మను కుదించి, తీగ దాటించి, మళ్లీ విప్పడానికి కెమెరాకు సమయం పడుతుంది. విడి మైకు ధ్వని మాత్రం అంతకుముందే వచ్చేస్తుంది. కెమెరా ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టి రికార్డు చేసి, ఎడిటర్‌లో ఫ్రేము ఫ్రేముగా చూడండి. 30 ఎఫ్‌పీఎస్ వీడియోలో ఒక ఫ్రేము సుమారు 33 మిల్లీసెకన్లు. చేతులు కలిసిన ఫ్రేముకంటే చప్పుడు మూడు ఫ్రేములు ముందుంటే, ఆ అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లోనే సింక్ ఆఫ్‌సెట్ 100 మిల్లీసెకన్లు అని ఇవ్వండి.

అవుట్‌పుట్ పేజీలో సింపుల్ మోడ్ చాలు. రికార్డింగ్ క్వాలిటీ మాత్రం సేమ్ యాజ్ స్ట్రీమ్ (లైవ్ ప్రసారానికి పెట్టిన సెట్టింగే) అని ఉంటే హై క్వాలిటీకి మార్చాలి. స్ట్రీమ్ సెట్టింగే వాడుకుంటే బొమ్మ నాణ్యత తగ్గడంతోపాటు పాజ్ బటన్ కూడా కనిపించదు. తొలి వీడియోలో మాట తడబడి ఆగడం మామూలే కాబట్టి ఆ బటన్ అవసరం పడుతుంది. వీడియోను కుదించే ఎన్‌కోడర్ దగ్గర గ్రాఫిక్స్ చిప్‌ది, అంటే ఎన్వెంక్, క్విక్‌సింక్ లాంటిది కనిపిస్తే అదే తీసుకోండి. ఫార్మాట్ ఎంకేవీ సురక్షితం. రికార్డింగ్ మధ్యలో కరెంటు పోతే మామూలు ఎంపీ4 ఫైలు చివర రాయాల్సిన సూచిక రాయకుండానే ఆగిపోతుంది, ఇక తెరుచుకోదు. ఎంకేవీలో అప్పటిదాకా వచ్చినదంతా మిగులుతుంది. ఆనక ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్‌తో ఎంపీ4గా మార్చుకోవచ్చు. కుదింపు మళ్లీ జరగదు కాబట్టి నాణ్యత తగ్గదు, క్షణాల్లో అయిపోతుంది. కొత్త వెర్షన్లలో వచ్చిన హైబ్రిడ్ ఎంపీ4 కూడా ఈ ప్రమాదాన్ని తట్టుకునేలా తయారైందే.

కెమెరా బదులు నల్లటి పెట్టె కనిపిస్తే, వేరే యాప్ దాన్ని పట్టుకుని కూర్చుందేమో ముందు చూడండి, తర్వాత విండోస్ ప్రైవసీలో డెస్క్‌టాప్ యాప్‌లకు కెమెరా అనుమతి ఉందో లేదో. తెరను రికార్డు చేసే డిస్‌ప్లే క్యాప్చర్ నల్లగా వస్తే కారణం వేరు: రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ ఒకదానిమీద, తెర మరోదానిమీద నడుస్తుంటాయి. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఓబీఎస్‌కు పవర్ సేవింగ్ అని పెడితే సాధారణంగా సరిపోతుంది.

ఓబీఎస్‌లో ఎడిటింగ్ లేదు, అది దాని పని కాదు. మొదలూ చివరా కత్తిరించడానికి షాట్‌కట్ అనే ఎడిటర్ తేలిక. ఫ్రేము రేటు స్థిరంగా ఉండే ఫైళ్లనే ఓబీఎస్ ఇస్తుంది కాబట్టి ఫోన్ వీడియోల్లాగా ఎడిటర్‌లో ధ్వని క్రమంగా జారిపోదు. ఎగుమతికి ముందు మొత్తం ధ్వనిని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ధ్వని సగటున ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెచ్చుకోండి. యూట్యూబ్ అంతకంటే పెద్దగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది కానీ, తక్కువగా ఉన్నదాన్ని పెంచదు. అప్‌లోడ్ అయిన వెంటనే వీడియో మసకగా కనిపిస్తే కంగారుపడి తీసేయకండి, ముందు తక్కువ రిజల్యూషన్ సిద్ధమవుతుంది, 1080పీ తర్వాత వస్తుంది.