లీవోథైరాక్సిన్ మాత్ర: చాలా ఏళ్ల వాడకం మీద సమీక్ష

మాత్ర సంగతి ముందే చెప్పేస్తాను: పనిచేస్తుంది. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్, సీసా మీద ఏ పేరున్నా లోపలున్నది లీవోథైరాక్సిన్ సోడియమే, అంటే మన థైరాయిడ్ గ్రంథి తయారుచేయాల్సిన టీ4 హార్మోను. ధర నియంత్రణ ఉన్న మందు కాబట్టి ఖర్చు కూడా భారమేం కాదు. పేచీ అంతా వాడే పద్ధతి దగ్గరే. "డోసు పెంచుతూనే ఉన్నారు, టీఎస్‌హెచ్ మాత్రం దిగట్లేదండీ" అనేవాళ్లు (టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ హార్మోను తక్కువైతే రక్తంలో పెరిగే హార్మోను), మాత్ర వేసుకున్న గంటలోపు ఏం తిన్నారో, ఏం తాగారో ముందు చూసుకోవాలి.

పరగడుపున, మామూలు మంచినీళ్లతో, టిఫినుకు అరగంట నుంచి గంట ముందు. చెప్పడానికి ఇంతే. ఇది చెడేది కాఫీ దగ్గర. ఒక చేత్తో మాత్ర, రెండో చేత్తో కాఫీ గ్లాసు! కాఫీ ఈ మందును పేగుల్లో సరిగ్గా ఇంకనివ్వదు, పాలల్లోని కాల్షియం కూడా అడ్డమే. లేవగానే మాత్ర వేసుకుని విశాఖ ఆర్కే బీచ్‌కి వాకింగుకి వెళ్లిపోయేవాళ్లకు ఆ గంట ఇట్టే గడిచిపోతుంది. అక్కడే రాగి జావ తాగే అలవాటుంటే మాత్రం గడియారం చూసుకోండి.

స్టీల్‌ప్లాంట్‌లోనో పోర్టులోనో షిఫ్టులు చేసేవాళ్లకు "ఉదయం పరగడుపున" అన్న మాట వారం మారితే అర్థం లేకుండా పోతుంది. వాళ్లు నిద్రను గుర్తుగా పెట్టుకోవడం మేలు: ఎప్పుడు పడుకున్నా లేచాక మొదటి పని మాత్ర. లేదా పడుకునే ముందు, చివరి భోజనమై 3 గంటలు దాటాక. ఒంట్లో ఈ మందు సగం తగ్గడానికే దాదాపు 7 రోజులు పడుతుంది, కాబట్టి వేళ కొన్ని గంటలు అటూఇటూ అయినా కొంప మునగదు. కడుపు ఖాళీగా ఉండటం ముఖ్యం. ఈ రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకుని డాక్టరుకు చెప్పి, దాని మీదే ఉండండి.

నలభై దాటిన ఆడవాళ్ల మందుల డబ్బా చూస్తే అసలు గొడవ తెలుస్తుంది. థైరాయిడ్ మాత్ర, కాల్షియం, ఐరన్, గ్యాస్ మాత్ర, అన్నీ ఒకే గుక్కలో. కాల్షియం, ఐరన్ ఈ మందును పట్టుకుని రక్తంలోకి వెళ్లనివ్వవు, అందుకే మధ్యలో 4 గంటల ఎడం ఉండాలి. ఒకటి మధ్యాహ్న భోజనానికి, ఇంకోటి రాత్రికి మార్చేస్తే సరిపోతుంది. కడుపులో మంటకు తాగే యాంటాసిడ్ సిరప్పులకూ ఇదే లెక్క. పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు వేరే రకం: కడుపులో ఆమ్లాన్నే తగ్గిస్తాయి, ఆమ్లం లేకపోతే లీవోథైరాక్సిన్ సరిగ్గా కరగదు, కాబట్టి ఎడం పెట్టినా పూర్తిగా తీరదు. రోజూ వాడుతుంటే డాక్టరుకు చెప్పి టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. మీల్ మేకర్ అంటే సోయా, అదీ ఈ మందుకు అడ్డమే; తరచుగా తినేవాళ్లు దాన్ని మాత్రకు దూరంగా, మధ్యాహ్నం కూరలోకి జరపండి. క్యాబేజీ, కాలీఫ్లవర్ గురించి మాత్రం జనం లేనిపోని భయం పెట్టుకున్నారు. ఉడికించి మామూలుగా తింటే ఏమీ కాదు.

సీసా కొనేటప్పుడు అంకె చదవండి. 12.5 మైక్రోగ్రాములది ఉంది, 125 కూడా ఉంది. చీటీ మీద చుక్క సరిగ్గా పడకపోతే పదింతల తేడా. జగదాంబ దగ్గరైనా, కేజీహెచ్ ఆసుపత్రి ఎదురుగానైనా, కౌంటరు వదలక ముందే పాత సీసా పక్కన కొత్తది పెట్టి చూడండి: మందు పేరు, మైక్రోగ్రాములు, గడువు తేదీ. "కంపెనీ వేరంతే, మందు అదేనండీ" అంటే అది నిజమే, కానీ కొద్దిపాటి తేడా కూడా లెక్కలోకొచ్చే మందు ఇది. వీలైనంతవరకు ఒకే బ్రాండు మీద ఉండటం, మార్చాల్సివస్తే 6 వారాలకు పరీక్ష చేయించుకోవడం పద్ధతి.

ఇక మన ఊరి తేమ. వెలుతురు, వేడి, తేమ, మూడూ ఈ మాత్రకు పడవు. సముద్రం గాలి తగిలే కిటికీ గట్టు, వంటగది అలమర, బాత్రూమ్ అరుగు, ఫ్రిజ్ పైభాగం పనికిరావు. పడగ్గది బీరువాయే నయం. మూత గట్టిగా బిగించండి. లోపల తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటే పారేయకండి. వారం డబ్బాలో సర్దుకునేవాళ్లు ఒక వారానికి మించి బయటకు తీయొద్దు.

డోసు మారాక 6 నుంచి 8 వారాలు గడవక ముందే టీఎస్‌హెచ్ చేయిస్తే డబ్బులు దండగ, అంకె ఇంకా కుదుటపడి ఉండదు. నిలకడగా ఉన్నాక 6 నుంచి 12 నెలలకోసారి చాలు. పరీక్ష రోజు రక్తం ఇచ్చాక మాత్ర వేసుకోండి, ముఖ్యంగా టీ4 కూడా చూస్తున్నప్పుడు. జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు చాలా ల్యాబుల పద్ధతుల్లో టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తాయి. ఆ రిపోర్టు చూసి డోసు తగ్గిస్తే అసలుకే మోసం. బయోటిన్‌ను పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపి, ల్యాబుకూ చెప్పండి.

డోసు ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తాయి. మన ఊరి ఉక్కపోతలో చెమటను ఎవరూ పట్టించుకోరు, దడను మాత్రం వదిలేయొద్దు. ఎక్కువ డోసు మీద ఏళ్లు గడిస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండె లయ తప్పొచ్చు. వయసు పైబడినవాళ్లకు, గుండె జబ్బున్నవాళ్లకు 12.5 లేదా 25తో మొదలుపెట్టేది అందుకే. బరువు తగ్గడానికి థైరాయిడ్ బాగున్నవాళ్లు దీన్ని మింగడం ప్రమాదం.

గర్భం నిలిచిందని తెలిసిన రోజే డాక్టరుకు ఫోను చేయాలి. చాలామందికి డోసు పావు వంతుకు పైగా పెంచాల్సివస్తుంది, తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు. మందు మాత్రం ఆపొద్దు.

ఒక పూట మర్చిపోతే, గుర్తొచ్చిన రోజునే ఖాళీ కడుపున వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే ఆ రోజు మాత్ర ఒక్కటే, సొంతంగా రెండు కలపొద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు ఊరు ఎలా స్తంభించిందో చూసినవాళ్లం కాబట్టి, సీసా అడుగంటక ముందే రెండోది తెచ్చి ఉంచుకోవడం మంచిది. అయినా దొరక్క రెండు మూడు రోజులు తప్పితే కంగారు పడక్కర్లేదు, ఒంట్లో నిల్వ ఉంటుంది. దొరికిన రోజు నుంచి మామూలు డోసే.