మహాలయ అమావాస్యకు రెడీమేడ్ స్వయంపాకం కిట్: విశాఖలో కొనేవాళ్ల కోసం

వినాయక చవితి సందడికీ దేవీ నవరాత్రుల హడావుడికీ మధ్య, పోయిన పెద్దలను తలుచుకునే పదిహేను రోజుల మహాలయ పక్షం చాలా ఇళ్లలో గుర్తుకు రాకుండానే వెళ్లిపోతుంది. పెద్దల తిథి తెలియనివాళ్లకూ, పక్షంలో మరోరోజు కుదరనివాళ్లకూ చివరనున్న అమావాస్యే ఆధారం. 2026లో అది అక్టోబరు 10, శనివారం. మనల్ని ఇంతవాళ్లను చేసి వెళ్లినవాళ్ల పేరిట ఒక మనిషి కడుపు నింపడం ఆ రోజు చేయాల్సిన పని. భోజనం పెట్టలేనివాళ్లు ఇచ్చే స్వయంపాకం, అంటే పుచ్చుకున్నవాళ్లు వండుకోవడానికి ఇచ్చే సరుకులు, ఇప్పుడు పూజాసామగ్రి దుకాణాల్లో కట్టిన సంచీగా దొరుకుతోంది.

సంచీ విప్పగానే ముందు నెయ్యి సీసా చూడండి. సన్న అక్షరాల్లో ‘దీపారాధనకు మాత్రమే’ అని ఉంటే అది తినే నెయ్యి కాదు. ‘పూజకు మాత్రమే’ అన్న పసుపు, వక్కలదీ ఇదే సంగతి. పుచ్చుకున్నవాళ్లు వండుకు తినాల్సిన సరుకులో ఇలాంటివి కలపడం మాకు అస్సలు నచ్చలేదు. పెద్దల మీద కృతజ్ఞతతో ఇస్తున్నాం అనుకుంటే, మనింట్లో వాడే నెయ్యే ఇవ్వాలి.

కొలతలూ తక్కువే. అరకిలో బియ్యం, గుప్పెడు పప్పుతో ఇంటిల్లిపాదికీ ఒక పూట గడవదు. కిలో బియ్యం, పావుకిలో పెసరపప్పు, పావుకిలో బెల్లం, వంద గ్రాముల చొప్పున నెయ్యి, చింతపండు, కాస్త కల్లుప్పు, మిరియాలు పెడితే నిండుగా ఉంటుంది. కూరగాయలు సంచీలో ఉండవు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార రైతుబజార్లలో ముందురోజు అరటికాయలు, కంద, తీపి గుమ్మడి తీసుకోండి. గుమ్మడి ముక్క కోయించి తెస్తే తెల్లారేసరికి జిగురు కడుతుంది, చిన్న కాయ అయినా మొత్తంగానే కొనండి. ఉల్లి, వెల్లుల్లి, క్యాబేజీ, క్యారెట్ వద్దు. వక్కలు, తమలపాకులతో పాటు దక్షిణ మర్చిపోకండి.

కిట్‌లోని తర్పణం సామాను మాత్రం పర్వాలేదు. చెంచాడు నల్ల నువ్వులు నీళ్లలో వేసి చూడండి. కాస్త రంగు దిగడం సహజమే, నీళ్లు సిరాలా మారితే రంగు పూసినవి. దర్భలకు కొసలు ఉండాలి. బాగా ఎండినవి పవిత్రం (వేలికి పెట్టుకునే దర్భ ఉంగరం) ముడి వేస్తుంటే పుటుక్కున తెగుతాయి, కాసేపు తడిపి మెత్తబడ్డాక మెలిపెట్టండి. పితృకార్యానికి మూడు పరకల పవిత్రం కట్టడం మన దగ్గర వాడుక.

ఏ సంవత్సరం, ఏ చోట, ఎవరి కోసమో చెప్పుకునే సంకల్పం కాగితం కిట్‌లో ఉంటే కళ్లు మూసుకుని చదవకండి. పాత స్టాకులో విశ్వావసు అని ఉండొచ్చు, 2026 ఉగాది నుంచి పరాభవ నామ సంవత్సరం. ‘కృష్ణా గోదావర్యోః మధ్యదేశే’ అని ఉన్నా విశాఖకు అతకదు, మన ఊరు గోదావరి దాటాక ఉంది. ఇక్కడ ఏం చెప్పాలో మీ పురోహితుణ్ణి ముందే అడిగి రాసుకోండి. గోత్రం, మూడు తరాల పేర్లు కూడా అదే కాగితం వెనక వరసగా రాసుకుంటే తడబాటు ఉండదు.

ఆర్కే బీచ్‌లో తర్పణం వదిలేవాళ్లు నీళ్లలోకి దిగొద్దు. అమావాస్యకు పోటు ఎక్కువ, కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. చెంబుతో నీళ్లు తెచ్చుకుని ఒడ్డున కూర్చుంటే చాలు. కిట్ ప్లాస్టిక్ సంచీ ఇంటికి తెచ్చేయండి.

మొత్తం మీద తర్పణం సామాను వరకే విడిగా ఇస్తే కొనండి. స్వయంపాకం ఇంట్లోనే కట్టుకోండి, అరగంట పని.