రీఫర్బిష్డ్ 12 టీబీ హార్డ్ డిస్కులు: వైజాగ్‌లో మూడేళ్లు వాడాక

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పెదవాల్తేరులో మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి, వాన జల్లు నేరుగా బీరువాలోకి కొట్టింది. అమ్మావాళ్ల పెళ్లి ఆల్బమ్, మా చిన్నప్పటి ఫొటోలు ముద్దయిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఆరబెడదామంటే ఫ్యాను కూడా తిరగలేదు. ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తుంటే బొమ్మ రంగు ఊడి వేళ్లకు అంటుకునేది. అమ్మ ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. హార్డ్ డిస్కుల గురించి నేను ఇంతగా పట్టించుకోవడానికి అదే కారణం.

అటక మీద ఉండబట్టి నాన్నగారు తీసిన హై8 క్యాసెట్లు మాత్రం బతికాయి. దాదాపు 140 ఉంటాయి. వాటిని డీవీ ఫార్మాట్‌లో కంప్యూటర్‌కి ఎక్కిస్తే గంటకు 13 జీబీ చొప్పున 2.7 టీబీ వరకు అయింది. నెగెటివ్‌ల స్కాన్లు, పిల్లల వీడియోలు, అందరి ఫోన్లలోని ఫొటోలు కలిపితే 7 టీబీ దాటింది. ఇంట్లో రెండు కాపీలు, బయట ఒకటి ఉండాలంటే మూడు పెద్ద డిస్కులు కావాలి. 2022 ఆగస్టులో కొత్త 12 టీబీ ఎంటర్‌ప్రైజ్ (డేటా సెంటర్ల కోసం చేసే) డిస్కుకు నాకు చెప్పిన ధర 28,000 రూపాయలు. రీఫర్బిష్డ్ అయితే 13,800, అంటే టీబీకి 1,150. మూడూ కొత్తవి కొనే పరిస్థితి అప్పుడు మాకు లేదు. అలాగని కాపీలు తగ్గించుకోవడానికి మనసు ఒప్పలేదు.

రీఫర్బిష్డ్ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు సరుకులు అమ్ముతున్నారు. ఒకటి, తయారీ కంపెనీయే వెనక్కి తీసుకుని, పరీక్షించి, కొత్త లేబుల్ వేసి వదిలినది. రెండోది, డేటా సెంటర్లు కొన్నేళ్లు వాడి తీసేసిన డిస్కును మధ్యలో ఎవరో చెరిపి, తుడిచి అమ్మేది. మన దగ్గర ఎక్కువగా దొరికేది ఈ రెండోదే. అందులో తప్పేమీ లేదు. ఈ డిస్కులు ఏడాదికి 550 టీబీ డేటా రాసినా, చదివినా తట్టుకునేలా తయారైనవి, ఇంట్లో మనం అందులో పదో వంతు కూడా వాడం. చిక్కల్లా ఆ డిస్కు చరిత్ర మనకు సరిగ్గా చెప్పకపోవడమే.

మొదటి రెండూ ఒకే ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తీసుకున్నాను. స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) తెరిచి చూస్తే ఒకదానిలో 31,200 గంటలు నడిచినట్టు ఉంది. అంటే మూడున్నరేళ్లు. రెండోదానిలో 41 గంటలే. దాని లేబుల్ మీద తయారీ సంవత్సరం 2018. నాలుగేళ్ల కిందటి డిస్కు 41 గంటలే తిరిగిందంటే నేను నమ్మలేదు. ఎవరో మీటర్ వెనక్కి తిప్పారు. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు కిలోమీటర్లు ఎలా చూస్తామో ఇక్కడా అలాగే చూడాలి. సీగేట్ డిస్కులైతే ఇంకో దారి ఉంది. ఫార్మ్ అనే లాగ్ లోపల విడిగా ఉంటుంది, స్మార్ట్ వివరాలు చూపించే స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్రోగ్రాం 7.4 వెర్షన్ నుంచి దాన్ని మనమే చదవొచ్చు. స్మార్ట్‌లో సున్నా, ఫార్మ్‌లో వేల గంటలు కనిపిస్తే విషయం తెలిసిపోతుంది. 2025 మొదట్లో యూరప్‌లో వాడిన డిస్కుల్ని కొత్తవని అమ్మిన వ్యవహారం బయటపడింది ఈ లాగ్ వల్లే.

డిస్కు రాగానే ఫొటోలు ఎక్కించకండి. బతిమాలి చెబుతున్నాను. ముందు స్మార్ట్ లాంగ్ టెస్ట్ (డిస్కు తనను తానే మొత్తం చదివి చూసుకునే పరీక్ష), ఆ తర్వాత లినక్స్‌లో బ్యాడ్‌బ్లాక్స్ రాత పరీక్ష, చివర్లో మళ్లీ లాంగ్ టెస్ట్. బ్యాడ్‌బ్లాక్స్ నాలుగు రకాల నమూనాలను డిస్కంతా రాసి, తిరిగి చదివి సరిచూస్తుంది. 12 టీబీకి నాకు దాదాపు ఆరు రోజులు పట్టింది. ఆరు రోజులూ కంప్యూటర్ ఆపకూడదు, మధ్యలో కరెంటు పోతే మొదటికొస్తుంది, కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. అవి పూర్తయ్యాక స్మార్ట్‌లో చూడాల్సింది 5, 197, 198 నంబర్లు. డేటా ఉండే చిన్న ముక్కల్ని సెక్టార్లంటారు. వాటిలో పాడై పక్కన పెట్టినవి 5లో, అనుమానంగా ఉన్నవి 197లో, సరిచేయలేనివి 198లో కనిపిస్తాయి. ఈ మూడూ సున్నాగానే ఉండాలి.

ఆ 41 గంటల డిస్కులో మూడో రోజు 197 విలువ 16కి చేరింది. నాలుగో రోజుకి 5వ నంబరు 200 దాటింది. అమ్మకందారుకు ఫోన్ చేస్తే, "మేడం, ఒకసారి ఫార్మాట్ కొట్టండి, వచ్చేస్తుంది" అన్నాడు. ఫార్మాట్ కొడితే పాడైన సెక్టార్లు బాగుపడవండీ అని స్క్రీన్‌షాట్లు పంపాను. వాళ్ల రిటర్న్ గడువు పది రోజులు, నా పరీక్ష ఆరు రోజులు. పార్సిల్ వచ్చిన రోజే మొదలుపెట్టాను కాబట్టి సరిపోయింది, రెండు రోజులు ఆలస్యం చేసి ఉంటే టెన్షన్ పడాల్సి వచ్చేది. రెండు వారాల తర్వాత బదులు డిస్కు పంపాడు, అది పరీక్ష నెగ్గింది. ఇంకో సంగతి, పరీక్ష దశలోనే పోయింది కాబట్టి వెనక్కి పంపిన డిస్కులో మా ఇంటి ఫొటో ఒక్కటి కూడా లేదు.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే ధర కంటే ముందు రిటర్న్ గడువు చూడమంటాను. ఆ తర్వాత ప్యాకింగ్. ఆ మొదటి పార్సిల్‌లో పెద్ద అట్టపెట్టె, లోపల ఒక్క చుట్టు బబుల్ షీట్, రెండు డిస్కులు ఒకదానికొకటి కొట్టుకుంటూ వచ్చాయి. మూడో డిస్కు వేరే అమ్మకందారు దగ్గర తీసుకున్నాను. అతను డిస్కు కొలతకు కోసిన ఫోమ్‌లో పెట్టి పంపాడు. 600 రూపాయలు ఎక్కువైనా నాకు బాధ లేదు. మూడూ ఒకే లాట్‌లోవి కాకపోవడం కూడా మంచిదే, ఒకే లాట్‌వి ఒకేసారి జబ్బు పడే అవకాశం ఉంటుంది.

కొనేటప్పుడు మరీ చవగ్గా కనిపించే ఎస్ఏఎస్ (సర్వర్ల కోసం చేసే రకం) డిస్కుల జోలికి పోకండి, ఇంటి కంప్యూటర్లలోని సాటా పోర్టుకు అవి ఎక్కవు. అల్ట్రాస్టార్ హెచ్‌సీ620 లాంటి హోస్ట్ మేనేజ్డ్ ఎస్ఎమ్ఆర్ మోడళ్లూ (ఎక్కడ ఎలా రాయాలో కంప్యూటరే చూసుకోవాల్సినవి) మామూలు వాడకానికి పనికిరావు.

మూడో డిస్కు కరెంటు ఇచ్చినా తిరగలేదు. ద్వారకానగర్‌లో ఒక షాపులో చూపిస్తే చచ్చిపోయిందన్నారు. అది చావలేదు. కొన్ని కొత్త ఎంటర్‌ప్రైజ్ డిస్కుల్లో పవర్ కనెక్టర్ మూడో పిన్నుకు 3.3 వోల్టులు అందితే డిస్కు ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. సర్వర్లలో దూరం నుంచి రీసెట్ చేయడానికి పెట్టారు. మన పాత ఎస్ఎమ్‌పీఎస్‌లు (కంప్యూటర్‌లోని పవర్ సప్లైలు) ఆ పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. ఆ పిన్ను మీద కరెంటు పోనివ్వని సన్నని కాప్టన్ టేపు ముక్క అంటించాను, వెంటనే తిరిగింది. మోలెక్స్ అనే పాతరకం పవర్ కనెక్టర్ నుంచి సాటాకి మార్చే వైరు వాడినా పని జరుగుతుంది కానీ, ప్లాస్టిక్‌లో పోతపోసిన రకం వద్దు, అవి షార్టయి కాలిన సందర్భాలున్నాయి.

ఇంట్లో వాడకం సంగతి. మొదట కంప్యూటర్‌ని హాల్లో టీవీ బీరువాలో పెట్టాను. "ఏటమ్మా, అందులోంచి టక్కు టక్కుమంటంది?" అని అమ్మ రెండో రోజే అడిగింది. కొన్ని హీలియం డిస్కులు (లోపల గాలికి బదులు హీలియం నింపినవి) ఖాళీగా ఉన్నా అయిదు సెకన్లకోసారి అలా చప్పుడు చేస్తాయి, అది రోగం కాదు. అయినా రాత్రి నిశ్శబ్దంలో బాగా వినిపిస్తుంది. చదువుకునే గదిలోకి మార్చేశాను. మే నెలలో ఆ గదిలో డిస్కుల వేడి 48 డిగ్రీలకు వెళ్లింది, ముందు ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను పెడితే 40కి దిగింది.

వైజాగ్‌లో ఉన్నవాళ్లు ఉప్పుగాలిని లెక్కలోకి తీసుకోవాలి. మా ఇంటికి బీచ్ నడిచేంత దూరం, కిటికీ గ్రిల్స్‌కి ఏటా రంగు వేసినా తుప్పు ఆగదు. హీలియం డిస్కు పూర్తిగా సీలు చేసి ఉంటుంది కాబట్టి లోపలికి గాలి పోదు. కానీ కింద ఉండే సర్క్యూట్ బోర్డు, కనెక్టర్లు బయటే ఉంటాయి. 2023 నవంబరులో ఒక డిస్కుకు 199వ నంబరు పెరగడం మొదలైంది. డిస్కు పోతోందని చాలా భయపడ్డాను. అది కేబుల్‌లో డేటా చెడుతోందని చెప్పే నంబరు. సాటా కేబుల్ తీసి చూస్తే కొసలు నల్లబడ్డాయి. 150 రూపాయల కొత్త కేబుల్ వేశాక అది అక్కడే ఆగిపోయింది.

అసలు పరీక్ష 2025 మార్చిలో వచ్చింది. ఇంట్లోని రెండు డిస్కులూ జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మిర్రర్‌లో ఉన్నాయి, అంటే రెండింటిలోనూ ఒకే డేటా ఉంటుంది. నెలకోసారి స్క్రబ్ పెడతాను, అంటే అంతా చదివించి సరిచూస్తాను. ఆ నెల స్క్రబ్‌లో బదులుగా వచ్చిన డిస్కు చదవలేకపోయిన చోట్లు తేలాయి. 197 విలువ మొదట ఎనిమిది, వారం తిరిగేసరికి 24. పాడైన ప్రతి ముక్కనీ జెడ్ఎఫ్ఎస్ రెండో డిస్కు నుంచి సరిచేసింది. ముందే పరీక్షించి పెట్టుకున్న స్పేర్ డిస్కు వేశాను, 13 గంటల్లో రీసిల్వర్ (కొత్త డిస్కులోకి డేటా తిరిగి నింపడం) పూర్తయింది. ఆ 13 గంటలూ మిగిలిన ఒక్క డిస్కు మీదే ఆధారపడ్డాను, అది 31,200 గంటలతో వచ్చి, అప్పటికి 50,000 దాటిన డిస్కే. అది నిలబడింది. పోయినదానికి వారంటీ ఏడాదే, అది ఎప్పుడో అయిపోయింది. 13,800కి రెండున్నరేళ్లు వచ్చాయి. నాకు అన్యాయం జరిగిందనిపించలేదు. ఆన్‌లైన్ బ్యాకప్ సేవలిచ్చే బ్యాక్‌బ్లేజ్ సంస్థ లక్షల డిస్కుల మీద ప్రకటించిన లెక్కల్లో 2024 వార్షిక వైఫల్యం 1.57 శాతం, అంత పెద్ద డేటా సెంటర్లలోనూ డిస్కులు పోతూనే ఉంటాయి.

మిర్రర్ ఉంది కదా అని బ్యాకప్ మానేస్తే మాత్రం పొరపాటు. పొరపాటున ఫోల్డర్ చెరిపితే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. మా మూడో డిస్కు రాజమండ్రిలో అన్నయ్య దగ్గర ఉంటుంది. విజయనగరంలో చుట్టాలున్నా అక్కడ పెట్టలేదు, మాకు వచ్చే తుపానే వాళ్లకూ వస్తుంది. మూడు నెలలకోసారి అన్నయ్య రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తూ ఒళ్లో పెట్టుకుని తెస్తాడు. నేను కొత్తవి కాపీ చేసి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టి తిరిగి పంపుతాను.

31,200 గంటలతో వచ్చిన ఆ మొదటి డిస్కు ఇప్పుడు 57,000 గంటలు దాటింది, 5, 197, 198 మూడూ ఇంకా సున్నాలే. అయినా దాని వయసు నాకు తెలుసు, ఇంకో రీఫర్బిష్డ్ తెప్పించాను. అది ప్రస్తుతం బల్ల మీద ఫ్యాను ముందు బ్యాడ్‌బ్లాక్స్ మూడో నమూనాలో ఉంది. ఇంకా రెండు రోజులు పడుతుంది, రిటర్న్ గడువు మరో ఆరు రోజులుంది.