ప్రాంప్టర్‌కి పని లేని నాటకం: 'ది ఇటాలియన్ స్ట్రా హ్యాట్'

పాలకొల్లు చుట్టుపక్కల పరిషత్తు నాటకాలకి తెర పక్కన నిలబడి ప్రాంప్టింగ్ చెప్పేవాణ్ణి, అంటే నటులు మర్చిపోయిన డైలాగు అందించేవాణ్ణి. డైలాగు ఆగితే నాటకం చచ్చిందే అన్న టెన్షన్ నాకు ఇప్పటికీ పోలేదు. అందుకే రెనె క్లెయిర్ తీసిన ఈ 1928 నాటి ఫ్రెంచి మూకీ మీద నాకు కాస్త అసూయ. దీనికి మూలం లాబిష్, మార్క్-మిషెల్ రాసిన 1851 నాటి నాటకం. అదంతా మాటల గారడీ. ఇక్కడేమో మాటలు రాసి చూపించే టైటిల్ కార్డులు కూడా పొదుపుగానే వాడాడు.

పెళ్ళిరోజున బండిలో వెళ్తున్న పెళ్ళికొడుకు ఫాదినార్ గుర్రం, పొదకి తగిలించిన ఒకావిడ గడ్డిటోపీ నమిలేస్తుంది. ఆవిడ పొద చాటున ఉన్నది మొగుడితో కాదు, ఓ లెఫ్టినెంటుతో. అచ్చం అలాంటి టోపీ తేకపోతే ఇల్లు పీకి పందిరేస్తానంటాడు ఆ లెఫ్టినెంటు. ఇక ఒకపక్క టోపీ వేట, ఇంకోపక్క పెళ్ళి.

మాటల బదులు క్లెయిర్ వస్తువులు పట్టుకున్నాడు. మేయరు ఉపన్యాసం మధ్యలో ఒకావిడ తన మొగుడికి టై జారిందని సైగ చేస్తుంది. హాల్లో మగాళ్ళందరూ, మేయరుతో సహా, ఎవరి టై వాళ్ళు సర్దుకుంటారు. మా అమ్మకి ఫ్రెంచీ రాదు, ఇంగ్లీషూ రాదు. నాకంటే ముందే నవ్వింది. మావగారికి బూట్లు బిగుతు. పెళ్ళికూతురి వీపులో గుండుసూది. చెవిలో గొట్టం పెట్టుకునే చెవిటి పెద్దాయన ఒకడు. ఎవరి మాటా వినపడని సినిమాలో చెవిటివాడు! ఆ కొంటెతనానికే సగం మార్కులు.

ఫాదినార్ జరిగిందంతా ఆ టోపీ ఆవిడ మొగుడికే చెప్పే సీను వేరే లెవెల్. రంగులద్దిన తెరలు, చేతులు గాల్లోకి విసిరే అభినయం: నాటకాలవాళ్ళకి చురక పెట్టాడన్నమాట. మా తెరలే గుర్తొచ్చాయి. కథని 1895కి, అంటే లూమియేర్ సోదరులు పారిస్‌లో జనానికి సినిమా చూపించిన ఏడాదికి జరిపాడు కాబట్టి, ఆ పాతకాలపు వాలకం కావాలని పెట్టిందే.

లోటు లేదా అంటే, పెళ్ళికూతురికి పనే లేదు. ప్రేమకథ అనుకుని కూర్చుంటే నిరాశే. మధ్యలో కొంతసేపు సాగదీత కూడా ఉంది.

ఆన్‌లైన్ కాపీల్లో సంగీతం ఒక్కోదాన్లో ఒక్కోలా ఉంటుంది. నచ్చకపోతే సౌండ్ తీసేసి చూసినా పోయేదేం లేదు. టోపీ ఎక్కడ దొరుకుతుందో చెప్పను గానీ, ఆ చెవిటి పెద్దాయన మీద మాత్రం ఓ కన్నేసి ఉంచండి.